మడ మళ్ళీ మొలిచిన కథలో యానాది ఎక్కడ?

మన ఆదివాసీ రచనల్లో అడవి అనగానే కొండ వస్తుంది. ఇప్పచెట్టు వస్తుంది, తునికాకు వస్తుంది, పోడు వస్తుంది, వాగు వస్తుంది. ఆదిలాబాద్ నుంచి పాడేరు దాకా, సీతంపేట నుంచి శ్రీశైలం దాకా మన కథలూ పాటలూ ఆ కొండల మీదే నడిచాయి. అందులో తప్పేమీ లేదు. మనలో ఎక్కువమందిమి అక్కడివాళ్ళమే. కానీ కొండ లేని అడవి, రాయి లేని అడవి కూడా మన రాష్ట్రంలో ఉంది. దాన్ని నమ్ముకుని బతికే ఆదివాసీలూ ఉన్నారు. ఆ అడవి మీద పాతికేళ్ళుగా శాస్త్రవేత్తలు రాస్తున్నారు. మనం మాత్రం చదవడం లేదు.

తెనాలిలో రేపల్లె రైలెక్కితే వేమూరు, భట్టిప్రోలు మీదుగా రెండువైపులా వరిచేలే. రేపల్లెలో పట్టాలు అయిపోతాయి. అక్కడి నుంచి నగరం మండలం దాటి నిజాంపట్నం వైపు పోతే వరి పలచబడి, రొయ్యల చెరువులు వచ్చి, చివరికి బురద మొదలవుతుంది. ఆ బురదలో మడ అడవి. నిజాంపట్నం మండలంలో ఒక ఊరి పేరే అడవులదీవి. తూర్పున కృష్ణ పాయల మధ్య లంకెవానిదిబ్బ వైపు కూడా ఇదే అడవి. 2022లో బాపట్ల జిల్లా అయ్యేదాకా ఇదంతా గుంటూరు జిల్లాయే కాబట్టి పాత నివేదికల్లో ఆ పేరుతోనే కనిపిస్తుంది. ఏజెన్సీ పిల్లలకు ఈ అడవిని చూపిస్తే ముందు నమ్మరు. చెట్టు ఉప్పునీళ్ళలో నిలబడి ఉంటుంది. వేళ్ళు కిందికి పోవాల్సింది పోయి, బురదలోంచి పెన్సిళ్ళలా పైకి లేచి గాలి పీలుస్తుంటాయి. పొన్న చెట్టు విత్తనం నేలమీద పడి మొలవదు. తల్లిచెట్టుకు వేలాడుతూనే మొలకెత్తి, పొడుగ్గా పెరిగి, ఆ తర్వాత బురదలోకి జారుతుంది.

ఈ బురదలో చేత్తో తడిమి పీతలు పట్టేవాళ్ళు, రొయ్యలు ఏరేవాళ్ళు, కట్టె తెచ్చుకునేవాళ్ళు యానాదులు. ఏజెన్సీలో ఉన్న మనకు 1/70 చట్టమైనా ఉంది, అమలు సంగతి వేరే. తీరంలో ఉన్న యానాదికి షెడ్యూల్డ్ ప్రాంతం లేదు, ఆ చట్టం లేదు. ఊరి చివర కట్టమీదో, డ్రెయిన్ గట్టుమీదో గుడిసె. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ తెగల్లో పెద్ద తెగల్లో ఒకటి అయి ఉండి కూడా సాహిత్యంలో యానాది అతిథి పాత్రే.

శాస్త్రవేత్తల నివేదికలకు విమర్శ వ్యాసంలో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. మన గురించి అధికారులు చదివేది మన కథలు కావు, మన కవితలు కావు. అటవీశాఖ వర్కింగ్ ప్లాన్లు, ప్రాజెక్టు రిపోర్టులు, జర్నల్ వ్యాసాలు చదువుతారు. వాటిని బట్టే కంచె వేస్తారు, కమిటీ వేస్తారు, కేసు పెడతారు. మన బతుకు మీద ఎక్కువ ప్రభావం చూపిన గద్యం అదే. కాబట్టి ఒక నవలను ఎలా చదువుతామో దాన్నీ అలాగే చదవాలి. ఇందులో నేరస్తుడు ఎవరు? నాయకుడు ఎవరు? ఎవరికి మాట ఇచ్చారు, ఎవరిని మూగగా నిలబెట్టారు?

నేను తీసుకున్నది మడ అడవి పునరుద్ధరణ మీద ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ శాస్త్రవేత్తలు చేసిన పని. ముఖ్యంగా వి. సెల్వం పని. తమిళనాడులో చిదంబరం దగ్గరున్న పిచ్చావరం మడ అడవిలో మొదలై, తర్వాత గోదావరి, కృష్ణ ముఖద్వారాలకు వచ్చిన పని అది. మన తీరంలో దాన్ని నడిపి రాసినవాళ్ళలో టి. రవిశంకర్, ఆర్. రామసుబ్రమణియన్ పేర్లు ముందు చెప్పుకోవాలి. 2004లో ఆంధ్రప్రదేశ్ మడ అడవుల అట్లాసు, నారు పెంచే పద్ధతుల మాన్యువల్ వచ్చాయి. ఒక అడవి ఎలా చచ్చిపోయింది, ఎలా బతుకుతుంది అనే ప్రశ్న చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగి, దాన్ని ఇతరులకు నేర్పే మాన్యువల్ దాకా తెచ్చిన శాస్త్ర జీవితం మన దగ్గర ఎక్కువ కనపడదు. చాలామంది సమస్య రాసి ఆగిపోతారు.

వాళ్ళు రాకముందు ఉన్న పాత కథ ఏమిటో చూడాలి. మడ అడవి ఎందుకు పోయింది? చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కట్టెలు కొట్టారు, గేదెల్ని తోలారు, అందుకే పోయింది. అంతే కథ. ఈ కథ మనకు బాగా తెలుసు. కొండమీద దీని పేరు పోడు. కొండ బోడి అయితే పోడు చేసినవాడి వల్ల. టేకు తోట వేయడానికి కొట్టిన అడవి, కాగితం మిల్లుకు పోయిన వెదురు, జలాశయం కింద మునిగిన లోయ, ఇవేవీ ఆ కథలో ఉండవు. గొడ్డలి ఎవడి చేతిలో కనపడితే వాడే దొంగ. మడ అడవిలో ఆ గొడ్డలి యానాది చేతిలో, పిచ్చావరంలో ఇరులర్ చేతిలో కనపడింది.

సెల్వం బృందం ఈ కథను నమ్మి కూర్చోకుండా బురదను కొలిచింది. చచ్చిపోయిన చోట నేల ఎంత ఎత్తులో ఉంది? బతికి ఉన్న చోట ఎంత ఎత్తులో ఉంది? పోటు నీరు లోపలికి వచ్చాక తిరిగి వెళ్తోందా? నేలలో ఉప్పు ఎంత? కొలిస్తే వేరే కథ బయటపడింది. దశాబ్దాల పాటు, బ్రిటిష్ కాలం నుంచి 1970ల దాకా, అటవీశాఖే మడ అడవిని కూపులుగా విడగొట్టి, ఒక్కో కూపును మొత్తంగా నరికించి అమ్మింది. నరికిన చోట మళ్ళీ దానంతట అదే పెరుగుతుందని వాళ్ళ లెక్క. పెరగలేదు. ఎందుకు పెరగలేదంటే, చెట్టు నీడ పోగానే బురద మీద ఎండ నేరుగా పడింది. బురదలో నీరు ఆవిరైంది. నీరు పోయిన బురద కుంగింది. చుట్టూ చెట్లున్న గట్టు ఎత్తుగా ఉండి, మధ్య నరికిన చోటు పళ్ళెంలా పల్లమైంది. అమావాస్య, పున్నమి పోట్లకు నీరు ఆ పళ్ళెంలోకి వచ్చింది, ఆటుకు బయటికి పోలేదు. నిలిచిన నీరు ఎండకు ఇగిరి ఉప్పు మిగిలింది. మళ్ళీ పోటు, మళ్ళీ ఉప్పు. చివరికి మడ విత్తనం కొట్టుకొచ్చినా తట్టుకోలేనంత ఉప్పు. ఉప్పును కాచుకునే చెట్టుకే ఉప్పు ఎక్కువైపోయింది.

ఈ వివరణ నేను చదివిన శాస్త్ర గద్యంలో అతి మంచి వాటిలో ఒకటి. కారణం నుంచి కారణానికి మెట్టు మెట్టుగా పోతుంది, ఎక్కడా అడ్డదారి తొక్కదు. ముఖ్యంగా నేరం ఎక్కడ మొదలైందో చెప్పడానికి జంకదు. ఆ పరిశోధన అటవీశాఖతో కలిసి చేసింది. శాఖ అనుమతి లేకుండా అడవిలో అడుగు పెట్టలేరు. అలాంటి చోట నిలబడి, అడవి పోవడానికి మూలం ఊరివాడి గొడ్డలి కాదు, శాఖ వేసిన కూపు పద్ధతే అని రాయడం చిన్న సంగతి కాదు. కోర్టులో మనవాళ్ళకు దొరకని నిర్దోషి తీర్పు ఒక బురద కొలతలో దొరికింది. దీన్ని మన టీచర్లు పిల్లలకు చెప్పకపోతే ఎవరు చెబుతారు?

మందు కూడా రోగంలోంచే దొరికింది. నీరు లోపలికి వచ్చి బయటికి పోవాలి. దానికి అడవి మధ్య ఒక పెద్ద కాలువ, దానికి రెండుపక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వారు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది కాబట్టి ఆ పేరే పెట్టారు. రోజుకు రెండుసార్లు పోటు లోపలికి వస్తుంది, ఆటు బయటికి తీసుకుపోతుంది. నిలవ ఉప్పు కొద్దికొద్దిగా కడిగిపోతుంది. కాలువ గట్ల వాలులో తెల్లమడ, నల్లమడ మొక్కలు నాటారు. 1986 నుంచి 2002 మధ్య పిచ్చావరంలో మడ అడవి విస్తీర్ణం సుమారు 90 శాతం పెరిగిందని ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 2003లో కరెంట్ సైన్స్ పత్రికలో సెల్వం, సహచరులు రాశారు. భారత-కెనడా పర్యావరణ నిధి సాయంతో ఇదే పద్ధతి ఒడిశాకు, మన గోదావరి, కృష్ణ మడ అడవులకు వచ్చింది. ఇక్కడా అదే పళ్ళెం, అదే ఉప్పు, అదే కాలువ.

ఇది మన ఒక్కరికే తట్టిన ఆలోచన కాదు. అమెరికాలో ఫ్లోరిడా తీరంలో రాయ్ రాబిన్ లూయిస్ అనే శాస్త్రవేత్త జీవితమంతా ఇదే చెప్పాడు. మొక్క నాటడం కంటే ముందు నీటి దారి సరిచేయండి, నీటి దారి బాగుంటే విత్తనం తనే వస్తుంది అని. కోస్టారికా అడవుల్లో పనిచేసిన రాబిన్ చాజ్డన్ అనే ప్రొఫెసర్ 2014లో రాసిన పెద్ద పుస్తకం సారం కూడా దీనికి దగ్గరే. నరికిన అడవి చచ్చిన అడవి అనుకోవద్దు, అడ్డం తీస్తే అది తిరిగి లేస్తుంది అంటుంది. మన ప్రభుత్వాలకు మాత్రం ఇప్పటికీ అడవి అంటే గుంటలు తవ్వి మొక్క నాటి ఫోటో దిగడమే. ఎన్ని మొక్కలు నాటామో లెక్క ఉంటుంది. ఐదేళ్ళ తర్వాత ఎన్ని బతికాయో లెక్క అడిగితే రిజిస్టరు కనపడదు.

ఇంతవరకూ మెచ్చుకోలు. ఇక నాకు అడ్డం తగిలినవి.

మొదటిది, ఈ కథలో మాట ఎవరిది? పోటు ఎంత దూరం వస్తుంది, ఏ పాయలో నీరు నిలుస్తుంది, ఏ చోట బురద కాలు దిగనంత గట్టిపడింది, ఏ చోట పీత బొరియ వేయడం మానేసింది, ఇవన్నీ యానాదికి శాస్త్రవేత్త రాకముందే తెలుసు. తెలియకపోతే ఆ పూట అన్నం లేదు. పీత బొరియలు మడ అడవికి ఊపిరి లాంటివని ఇప్పుడు శాస్త్రం చెబుతోంది. బొరియల గుండా నీరూ గాలీ బురద లోపలికి పోతాయి, ఉప్పు కడుగుతుంది. బొరియలు లేని చోటు చచ్చిన చోటు అని రోజూ చేత్తో తడిమే మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ జర్నల్ వ్యాసం మీద పేర్లు చూస్తే శాస్త్రవేత్తలవే. చెప్పిన మనిషి ‘స్థానిక సముదాయం’ అవుతాడు. కాలువ తవ్విన మనిషి ‘కూలి దినాల’ లెక్క అవుతాడు. మొక్క కాపాడిన మనిషి ‘లబ్ధిదారు’ అవుతాడు. ఒకే మనిషి మూడు చోట్ల మూడు పేర్లతో ఉంటాడు, తన పేరుతో ఒక్కచోటా ఉండడు.

ఇది సెల్వం బృందానికి ప్రత్యేకమైన తప్పు అనను. ఈ రకం రచన అంతా ఇలాగే ఉంటుంది, అది జర్నల్ పద్ధతి. నిజానికి వీళ్ళు చాలామంది కంటే మెరుగు. పిచ్చావరం ఇరులర్లకు తెగ ధ్రువపత్రం కూడా దొరకని కాలంలో, ఫౌండేషన్ వాళ్ళ వెంట నిలబడింది. చేపలు పట్టేవాళ్ళు గిరిజనులెలా అవుతారని ఆఫీసుల్లో అడిగే రోజులవి. మన యానాదులకు ఆ ప్రశ్న కొత్తది కాదు. నీళ్ళలో ఉంటే జాలరి, పొలంలో ఉంటే కూలీ, గిరిజనుడు ఎప్పుడవుతాడు? అడవి బాగుచేయడానికి వచ్చిన శాస్త్రవేత్త ధ్రువపత్రం దాకా వెళ్ళాడంటే, అడవికీ మనిషికీ మధ్య ముడి అర్థమైనట్టే. అంత అర్థమైనవాళ్ళు కూడా వ్యాసం రాసేటప్పుడు పద్ధతి దాటలేదన్నదే నా బాధ. చెప్పినవాళ్ళ పేర్లు కనీసం కృతజ్ఞతల్లో రాస్తే ఏ జర్నలూ కాదనదు.

రెండోది కమిటీ. ఉమ్మడి మడ అడవుల నిర్వహణ అని పేరు. ఊరూ శాఖా కలిసి కాపాడతాయి, ఊరికి కొంత లాభం వస్తుంది. మన కొండల్లో వన సంరక్షణ సమితులు చూసినవాళ్ళకు ఈ నమూనా కొత్త కాదు. పేరులో ఉమ్మడి, సంతకం మాత్రం శాఖది. ఇక్కడ ఒక న్యాయం పాటించాలి. ఆ పని ఎక్కువగా 1997 నుంచి 2004 మధ్య జరిగింది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. లేని చట్టాన్ని రాయలేదని వాళ్ళను తప్పుపట్టలేం. కానీ 2006 తర్వాత మడ అడవి మీద రాసేవాళ్ళకు ఆ సాకు లేదు. ఈ చట్టానికి షెడ్యూల్డ్ ప్రాంతం అక్కర్లేదు. 2005 డిసెంబర్ 13 నాటికి అడవిలోనో అటవీ భూమిలోనో ఉంటూ దానిమీద ఆధారపడిన షెడ్యూల్డ్ తెగ ఎక్కడ ఉన్నా వర్తిస్తుంది. అభయారణ్యంలోనైనా సరే. సెక్షన్ 3(1)లో (డి) కింద చేపలు, ఇతర నీటి ఉత్పత్తుల మీద సామూహిక హక్కు ఉంది. (కె) కింద జీవవైవిధ్యానికి, దానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానానికి సామూహిక మేధో హక్కు ఉంది. పీత ఎక్కడ బొరియ వేస్తుందో తెలిసిన జ్ఞానం ఇందులోకి రాదా? పాడేరులో హక్కు పత్రం అంటే కొండమీద పోడు చెక్క. నిజాంపట్నం బురదలో హక్కు పత్రం అంటే ఏమిటో ఊహించడం కూడా మనం మొదలుపెట్టలేదు. మన సంఘాలు కూడా ఎకరాల్లోనే ఆలోచిస్తాయి. పాయకు ఎకరం కొలత లేదు.

మూడోది నీళ్ళ సంగతి. చేప ముల్లు కాలువ సముద్రపు పోటును లోపలికి తెస్తుంది. నదిని తేలేదు. మడ అడవికి రెండూ కావాలి. ఉప్పునీరు ఒక్కటే తాగి బతికే చెట్లు తక్కువ, రెండు నీళ్ళు కలిసే చోట బతికే చెట్లు ఎక్కువ. కృష్ణ మీద 1855లో ఆనకట్ట, దాని చోట 1957లో ప్రకాశం బ్యారేజీ, పైన 1967లో నాగార్జున సాగర్, ఇంకా పైన శ్రీశైలం. వరికి నీళ్ళు వచ్చాయి, తెనాలి వైపు పచ్చబడింది, అది చూసి సంతోషించనివాళ్ళు లేరు. కానీ ఆ పచ్చదనానికి చివర ఉన్న అడవికి నది ఒట్టి మురుగుకాలువలా మిగిలింది. వానాకాలం వరద వస్తే తప్ప తీపినీరు ఉండదు. నాగార్జున సాగర్ కింద మునిగిన చెంచు పెంటల గురించి మనం కొంతైనా మాట్లాడుకున్నాం. అదే నది చివర యానాది పాయ ఉప్పెక్కడం గురించి మాట్లాడలేదు. పై చివర చెంచు, కింది చివర యానాది, మధ్యలో ఆయకట్టు. ఈ ఒక్క వాక్యం మీద మనవాళ్ళెవరైనా ఒక నవల రాయాలని నా కోరిక.

నదితో పాటు చెరువులు. 1990ల నుంచి రొయ్యల చెరువులు తీరాన్ని తినేశాయి. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యల సాగు మీద గట్టి తీర్పు ఇచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చాక ఆ సాగుకు మళ్ళీ దారి దొరికింది. చెరువు గట్టు ఏం చేస్తుంది? కూపు నరికి చేసిన పళ్ళెం కంటే పెద్ద పళ్ళెం చేస్తుంది. పోటు దారి మూసేస్తుంది. చెరువులోంచి వదిలిన నీరు పాయలోకి పోతుంది, పాయలో యానాది చెయ్యి పెట్టాలి. దశాబ్దాల కిందటి కూపు గురించి అంత ధైర్యంగా రాసిన శాస్త్రం, ఇవాళ్టి చెరువు గురించి కూడా అంతే ధైర్యంగా, పేరు పెట్టి, ఎకరం పెట్టి రాయాలి. గట్ల మీద మడ పెంచుతూ లోపల చేపా పీతా పెంచే మిశ్రమ పద్ధతిని ఫౌండేషన్ కృష్ణా తీరంలో చేసి చూపింది. మంచి ప్రయోగమే. కానీ చెరువు ఉన్నవాడికే అది పనికొస్తుంది. యానాదికి ముందు చెరువు ఎక్కడిది?

ఇంకొకటి, ఇది మాట మీద గొడవ. 2004 డిసెంబర్ సునామీ తర్వాత మడ అడవి పేరు లోకమంతా వినపడింది. 2005లో సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసంలో సెల్వం ఒక రచయిత. కడలూరు తీరంలో చెట్లు ఉన్న చోట నష్టం తగ్గిందని ఆ వ్యాసం చూపింది. దానిమీద శాస్త్రవేత్తల మధ్య తర్వాత వాదం నడిచింది, తీరానికి ఊరు ఎంత దూరం, ఎంత ఎత్తు అన్న లెక్కలు కూడా చూడాలని కొందరన్నారు. వాదం సంగతి అలా ఉంచితే, అప్పటి నుంచి మడ అడవికి ‘జీవ కవచం’ అన్న బిరుదు వచ్చింది. 1977 నవంబర్ ఉప్పెన చూసిన దివిసీమ, రేపల్లె వైపు జనానికి ఆ మాట విలువ చెప్పక్కర్లేదు. కానీ కవచం అనగానే అడవి ఒక గోడ అయిపోతుంది. గోడ వెనక ఉన్నవాళ్ళ కోసం గోడ. యానాది గోడ వెనక లేడు, గోడలోనే ఉన్నాడు. అతనికి మడ అడవి వంటిల్లు, సంత, మందుల కొట్టు. అడవిని గోడ అంటే, గోడలోంచి పీత తీసే చెయ్యి గోడకు కన్నం వేసే చెయ్యిలా కనపడుతుంది. శాస్త్రం ఒకసారి చెరిపిన నేరం బిరుదు రూపంలో మళ్ళీ వెనక్కి రాగలదు. మాటలతో పనిచేసే మనం దీన్ని పట్టుకోవాలి.

ఇక బోధన. అడవి లేవడం గురించి చదివిన శాస్త్రవేత్త చేయగల పెద్ద పని తర్వాతి తరానికి దాన్ని అందించడం. ఫౌండేషన్ మాన్యువల్ రాసింది, శిక్షణలు ఇచ్చింది. కాని ఆ బోధన వెళ్ళిన దారి శాస్త్రవేత్త నుంచి ఫారెస్టరుకు, ఫారెస్టరు నుంచి కమిటీకి, కమిటీ నుంచి కూలీకి. తిరుగుదారి లేదు. తీరంలో పనిచేసే మన టీచర్లు ఆ తిరుగుదారి తెరవగలరు. దానికి ల్యాబు అక్కర్లేదు. ఎండలో తెల్లమడ ఆకును నాలుకతో తాకితే ఉప్పు తగులుతుంది. చెట్టు ఒంట్లో ఎక్కువైన ఉప్పును ఆకు మీదున్న గ్రంథుల గుండా బయటికి తోసేస్తుంది. యానాది పిల్ల దీన్ని ఆటలో తెలుసుకుని ఉంటుంది, పుస్తకంలో ఉందని మాత్రం తెలియదు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ఏమవుతుందో ఆ పిల్లే టీచరుకు చెబుతుంది. ఒక కర్రకు గీతలు పెట్టి పాయ ఒడ్డున పాతితే, పాడ్యమి నుంచి పున్నమి దాకా పోటు ఎత్తు పిల్లలే రాయగలరు. ఒక్కో గజం చదరంలో పీత బొరియలు లెక్కపెట్టి, చెట్లున్న చోటుకూ చచ్చిన చోటుకూ తేడా చూడగలరు. సెల్వం బృందం చేసిన పని మొదటి మెట్టు ఇదే, పరికరాలే పెద్దవి.

బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. గుంటూరు పక్కన నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది. 2019లో విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మొదలైంది. నగరం, నిజాంపట్నం, రేపల్లె యానాది వాడల నుంచి, ఎరుకల వాడల నుంచి అక్కడికి వెళ్ళి మడ బురద మీద పరిశోధన చేసే పిల్లలు ఎప్పుడొస్తారు అన్నది లెక్కల ప్రశ్న కాదు. ఆ పిల్ల ఐదో తరగతి దాటుతుందా, పీతల సీజన్లో అమ్మానాన్నల వెంట దిబ్బ మీదికి పోకుండా హాస్టల్లో ఉండగలుగుతుందా అన్న ప్రశ్న. టీచర్లకు ఇది నేను చెప్పనక్కర్లేదు. కానీ హాస్టల్లో ఉండి మడ అడవిని మరచిపోతే ఆ చదువుతో మనకేం ఒరుగుతుంది? సెలవులకు ఇంటికి పోయినప్పుడు పోటు కర్ర గీత రాసుకురమ్మని చెప్పే టీచరు కావాలి.

యానాదుల మీద పుస్తకాలు లేవని కాదు. వెన్నెలకంటి రాఘవయ్య జీవితమంతా వాళ్ళ మధ్య పనిచేసి, 1962లో ఇంగ్లీషులో పెద్ద పుస్తకం రాశారు. ఆ రుణం తీరేది కాదు. ఆయన రాసిన కొన్నేళ్ళకే శ్రీహరికోట అడవి రాకెట్ కేంద్రం అయింది, అక్కడి యానాదులు దీవి వదిలి రావలసి వచ్చింది. ఆ అడవిలో వాళ్ళకు తెలిసిన మొక్కలు, దారులు, మందులు ఎంత దాకా కాగితం మీదికి వచ్చాయి? రాఘవయ్యగారు ఎంత ప్రేమతో రాసినా బయటినుంచి వచ్చి రాసినవారే. సెల్వం, రవిశంకర్, రామసుబ్రమణియన్ కూడా అంతే. బయటివాళ్ళు రాయకూడదని నేను అనను. వాళ్ళు రాయకపోతే కూపు సంగతి మనకు ఇంకా తెలిసేది కాదు. వాళ్ళు రాసినదాని పక్కన మన పుస్తకం లేకపోవడమే లోటు.

అందుకు చిన్న పని ఒకటి ఇప్పుడే చేయవచ్చు. భారత అటవీ సర్వే 2021 నివేదిక ఆంధ్రప్రదేశ్‌లో మడ అడవి 405 చదరపు కిలోమీటర్లు అంటుంది. ఆకాశం నుంచి చూసిన అంకె అది. ఆ అంకెలో పాయలున్నాయి, దిబ్బలున్నాయి, మలుపులున్నాయి. వాటికి యానాదులు పెట్టుకున్న పేర్లున్నాయి. ఏ మలుపులో మండపీత దొరుకుతుందో, ఏ దిబ్బ మీద నీరు నిలిచి చెట్లు ఎండాయో, ఏది ఒకప్పుడు పాయగా ఉండి ఇప్పుడు చెరువు గట్టు కిందకి పోయిందో ఆ పేర్లే చెబుతాయి. నిజాంపట్నం, రేపల్లె తీరపు బడుల్లో పనిచేసే టీచర్లు పెద్ద చార్టు మీద పాయల గీతలు గీసి, పిల్లల చేత వాళ్ళ తాతలను, అవ్వలను అడిగించి ఆ పేర్లు రాయించాలి. పేరు పక్కన చెప్పినవాళ్ళ పేరు, వాడ పేరు, తేదీ. అట్లాసు రెండో కూర్పు ఎప్పుడు వస్తుందో తెలియదు. వచ్చేనాటికి ఈ చార్టులు బడి బీరువాలో ఉండాలి. ఉంటే, వాటిని అడిగి తీసుకోవడానికి ఈసారి శాస్త్రవేత్త బడికి రావలసి వస్తుంది.